ఆట ఎవరిది?

ఆటలను గురించి గంభీరంగా మాట్లాడబోతే మనలో చాలామంది పెదవి విరుస్తారు. కథ, కవిత, నాటకం విమర్శకు తగినవి, ఆట మాత్రం పిల్లల వ్యవహారం అని వారి అభిప్రాయం. ఈ అభిప్రాయంలోని పొరపాటు తెలియాలంటే దూరం పోనక్కరలేదు, మన వైకుంఠపాళి పటం చూస్తే చాలు. ఏ గడిలో నిచ్చెన వుండాలో, ఏ గడిలో పాము వుండాలో పటం గీసినవాడు నిర్ణయించాడు. ఏది పుణ్యం, ఏది పాపం అన్న అతని తీర్పును ఆడే పిల్లలు గవ్వలు వేస్తూ వేస్తూ తమకు తెలియకుండానే ఒంటబట్టించుకున్నారు. పందొమ్మిదో శతాబ్ది చివర ఆ ఆట ఇంగ్లండు చేరి, అక్కడి పెద్దమనుషుల నీతులను తొడుక్కొన్నది. తర్వాత ఆ నీతులు కూడా రాలిపోయి, ఉత్త అంకెలు మిగిలి, రంగుల అట్టగా మన అంగళ్ళకే తిరిగి వచ్చింది. దేశం మారింది, దేహం మారింది, అర్థం మారింది. అయినా మనం దాన్ని అదే ఆట అంటున్నాం. ఏ హక్కుతో అంటున్నాం? ఏది మిగిలితే ఒక వస్తువు అదే వస్తువుగా మిగిలినట్టు? దాన్ని అలా మిగిల్చే పని ఎవరిది, మిగిలినది ఎవరి సొత్తు?

ఈ ప్రశ్నలు నాకు తత్వశాస్త్ర గ్రంథాలనుంచి రాలేదు. మేడ్చల్‌లో మా ఇంట్లో, ఉద్యోగం ముగిసిన తర్వాత రాత్రిపూట కొన్ని నెలలపాటు చేసిన ఒక పనినుంచి వచ్చినవి. చిన్ననాట బడిలోని కంప్యూటరు గదిలో ఆడిన ఒక ఆటను, చేతిలో ఇమిడే చిన్న ఆటయంత్రంలోకి తీసుకువచ్చాను. ఈ వృత్తిలోని వారు దీన్ని పోర్టు చేయడం అంటారు. నేను తరలింపు అంటాను.

ఆ ఆట పేరు డేంజరస్ డేవ్. మా బడిలో దాన్ని ఉత్త 'డేవ్' అనేవాళ్ళం. జాన్ రొమేరో అనే అమెరికా యువకుడు 1988లో ఆపిల్ 2 యంత్రానికి రాసి, 1990లో డాస్ యంత్రానికి మార్చాడు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక చిన్న మనిషి మణులు ఏరుకుంటూ, నిప్పునూ నీటినీ తప్పించుకుంటూ, గిన్నె సంపాదించి తలుపు చేరాలి. గిన్నె లేకపోతే తలుపు తెరుచుకోదు. అటువంటి అంకాలు పది. ఆటలో ఉన్నదంతా ఇంతే.

పని మొదలుపెట్టిన తర్వాత తెలిసింది, 'ఇంతే' అన్నదానిలో ఎంత వుందో. పాత యంత్రంలోని ప్రాసెసరు భాష వేరు, నా చేతియంత్రంలోని ప్రాసెసరు భాష వేరు. ఒకదాని ఆజ్ఞలు మరొకదానికి అర్థం కావు. కాబట్టి ఇక్కడ రెండు మార్గాలున్నవి. మొదటిది, కొత్త యంత్రం లోపల పాత యంత్రాన్నే నటింపజేయడం. అప్పుడు ఆట తాను పాత యింట్లోనే వున్నాననుకుంటుంది. రెండవది, ఆట సూత్రాలను ఒక్కొక్కటిగా గ్రహించి కొత్త భాషలో మళ్ళీ రాయడం. అతను ఎంత ఎత్తు ఎగురుతాడు, ఎంత వేగంతో పడతాడు, నిప్పు అంచు ఎంత దూరంలో వుంటే చస్తాడు, ఇవన్నీ కొలవాలి. నేను రెండవ మార్గాన్ని ఎంచుకున్నాను. మొదటి మార్గంలో యంత్రం పని చేస్తుంది, రెండవ మార్గంలో మనిషి నేర్చుకుంటాడు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు వచ్చింది. చిన్నదే గాని అందులో మన విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్న వస్తువు, రూపాల సమస్య మొత్తం ఇమిడి వుంది. పాత ఆట తెరమీద అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 చుక్కలు గీస్తుంది. నా చేతియంత్రం తెర 320 చుక్కలకు 240. ఫైలులో వున్నది వున్నట్టు పెడితే పైనా కిందా నల్లటి పట్టీలు మిగిలి బొమ్మ సరిగ్గా కూర్చుంటుంది. కాని ఆనాటి గాజు తెరలు నాలుగుకు మూడు కొలతవి. 200 గీతలనే అవి తెర నిండా సాగదీసి చూపించేవి. అంటే ఒక్కొక్క చుక్క వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువగా కనిపించేది. ఫైలులో పొట్టిగా వున్న డేవ్, మా కళ్ళకు కొంచెం పొడుగ్గానే కనిపించాడు. ఇప్పుడు ఎవరు అసలు డేవ్? ఫైలులోని వాడా, మేము చూసినవాడా?

ఫైలే ప్రమాణం అనేవారున్నారు. వారికి మూలప్రతి పవిత్రం. కాని ఆ ఫైలును రాసినవాడు కూడా బొమ్మ గీసింది గాజు తెరమీద చూసుకుంటూనే. యంత్రం, దాన్ని చూసే కన్ను, రెంటి మధ్యా వున్న సంబంధంలోనే ఆట వుంది. ఫైలు ఆ సంబంధానికి ఒక కొస మాత్రమే. కాబట్టి ప్రతి ఐదు గీతలనూ ఆరుగా సాగదీశాను. అంకెలకు అవిధేయుడనై అనుభవానికి విధేయుడనైనాను. రూపాన్ని మార్చకుండా నిలబెట్టడానికే రూపాన్ని మార్చవలసి వచ్చింది. ఇందులో వైరుధ్యం వుంటే వుండనీండి. నన్నయ, తిక్కనలు భారతాన్ని తెలుగులోకి తెచ్చినప్పుడు చేసింది శ్లోకానికి శ్లోకం కొలిచి పెట్టడం కాదు. తెలుగువాడి చెవికి ఏ కొలతలో పెడితే అది భారతమవుతుందో ఆ కొలతలో పెట్టారు. ఒక మహాకావ్యాన్ని ఒక చిన్న ఆటతో పోలుస్తున్నానని కోపగించుకోవద్దు. పని స్వభావాన్ని పోలుస్తున్నానే గాని పని విలువను కాదు.

అయితే అనుభవం పేరుతో ఏదైనా మార్చవచ్చునా? ఇక్కడ రెండవ చిక్కు. ఈ ఆటలో తెర నిరంతరంగా జరగదు. డేవ్ అంచుకు చేరినప్పుడు మాత్రమే దృశ్యం ఒక్క ఊపులో జరుగుతుంది. ఈనాటి పిల్లలకు అది కుంటినడకగా కనిపిస్తుంది. నా యంత్రంలో మెత్తగా జరిగేటట్టు చేయడం ఒక పూట పని. చేయలేదు. ఎందుకో చెప్పాలంటే ఆ ఆట చరిత్రలోకి పోవాలి.

సాఫ్ట్‌డిస్క్ అనే కంపెనీ అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్టు నగరంలో ఫ్లాపీల రూపంలో పత్రికలు ప్రచురించేది. రొమేరో అందులో ఉద్యోగి. నింటెండో యంత్రంలో మారియో ఆట తెర మెత్తగా జరిగేది. మామూలు కంప్యూటరులో అది సాధ్యం కాదని అనుకునేవారు. 1990 సెప్టెంబరులో రొమేరో సహోద్యోగులు జాన్ కార్మాక్, టామ్ హాల్ ఒక రాత్రంతా కూర్చుని మారియో మూడవ ఆట మొదటి అంకాన్ని కంప్యూటరులోకి తరలించారు. తెర మెత్తగా జరిగింది. నాయకుడి స్థానంలో డేవ్ బొమ్మను పెట్టి, దానికి 'కాపీరైట్ ఉల్లంఘనలో డేంజరస్ డేవ్' అని తామే పేరు పెట్టుకున్నారు. తర్వాత మారియో ఆటనే కంప్యూటరుకు తయారుచేసి నింటెండోకు పంపితే ఆ కంపెనీ వద్దన్నది. ఆ విద్యతోనే వారు అదే ఏడాది డిసెంబరులో తమ స్వంత ఆట కమాండర్ కీన్‌ను విడుదల చేశారు. 1991 ఫిబ్రవరిలో స్వంత సంస్థ పెట్టుకున్నారు. అదే ఐడీ సాఫ్ట్‌వేర్. 1993లో డూమ్ వారినుంచే వచ్చింది.

డేవ్ ఆటలో తెర ఊపులు ఊపులుగా జరగడం ఉత్త లోపం కాదు. ఆనాటి యంత్రాల హద్దు ఎక్కడుందో చూపే గుర్తు అది. ఆ హద్దును దాటాలన్న తపననుంచే తర్వాతి చరిత్ర పుట్టింది. దాన్ని చెరిపివేసి 'ఇదే మీ నాన్నలు ఆడిన ఆట' అని పిల్లల చేతిలో పెడితే చరిత్ర విషయంలో అబద్ధమాడినట్టే. నా దృష్టిలో ద్రోహం మార్చడంలో లేదు, మార్చి కూడా మార్చలేదని చెప్పడంలో వుంది. జంగం కథను ప్రజా నాట్యమండలి 1940లలో బుర్రకథగా తీర్చి, నాజర్ వంటి కళాకారుల గొంతులో రైతు సమస్యను పలికించింది. అది పాత కథే అని ఎవరూ బుకాయించలేదు. అందుకే అది సృజన అయింది.

ఈ చరిత్రలో మనం గమనించవలసినది మరొకటి వుంది. డేవ్‌ను పుట్టించినవాడు ఉద్యోగం వదిలి వెళ్ళాడు. డేవ్ కంపెనీ దగ్గరే వుండిపోయాడు. ఆ తర్వాత ఆ పేరుతో వచ్చిన ఆటల్లో రెండింటిని, అతనితో నిమిత్తం లేకుండానే, కంపెనీ 1993లో తయారుచేయించింది. పనివాడు వెళ్ళిపోతాడు, పనిముట్టూ సరుకూ యజమాని దగ్గర మిగులుతవి. మేడ్చల్ పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చే ఏ కార్మికుడికీ ఈ సూత్రం వివరించనక్కరలేదు. కాబట్టి 'రచయిత హక్కు' అన్న మాట విన్నప్పుడల్లా, ఇందులో రచయిత ఎక్కడ వున్నాడని అడగడం మన కర్తవ్యం.

ఇక చట్టం మాట. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాము కూడా సాహిత్య రచనల లెక్కలోకి వచ్చింది. అంటే చట్టం దృష్టిలో డేవ్, ఒక పద్యకావ్యం ఒకే పంక్తిలో కూర్చున్నవి. విమర్శకులు పెదవి విరిచిన ఆటను పార్లమెంటు ఏనాడో సాహిత్యంలో చేర్చుకున్నదన్నమాట! ఆ చట్టం 52వ సెక్షనులో కొన్ని వెసులుబాట్లున్నవి. ప్రోగ్రాము పనిచేసే తీరును గమనించి అందులోని భావాలను, సూత్రాలను తెలుసుకోవచ్చు. స్వయంగా, చట్టబద్ధంగా సంపాదించిన ప్రతినుంచి, వ్యాపారం కాని సొంత వాడకానికి నకలు గాని మార్పు గాని చేసుకోవచ్చు. చాలా దేశాల చట్టాలతో పోలిస్తే ఇది ఉదారమైనదే. షామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఈ సెక్షను చదువుకునే విద్యార్థులకు నేను చెప్పేది కొత్త కాదు.

కాని 'సొంత వాడకం' అన్న మాటను కొంచెం తరచి చూడండి. నేను ఒక్కడినే గదిలో కూర్చుని ఆడుకుంటే చట్టానికి అభ్యంతరం లేదు. మా వీధిలో ఒక పిల్లవాడు నా భుజం పక్కన నిలబడి చూసి, 'మామా, గీ ఆట మా నాయిన ఫోన్ల గూడ ఎక్కుతదా?' అని అడిగిన క్షణంలో చట్టం మేల్కొంటుంది. ఆనందం ఒంటరిగా వున్నంతవరకు న్యాయమైనది, పంచుకోబోతే నేరం! కళ స్వభావమే పంచుకోవడం అయినప్పుడు ఇటువంటి సరిహద్దు కళకోసం గీసినది కాదు. అది సరుకుకోసం గీసినది.

'స్వయంగా సంపాదించిన ప్రతి' అన్న మాట కూడా అంతే. ఈ ఆట మా తరానికి అంగడినుంచి రాలేదు. ఫ్లాపీమీద చేతినుంచి చేతికి వచ్చింది. రూపాయి ఖర్చుపెట్టి కొనుక్కునే దారి మా వూళ్ళో లేదు. దారి లేనిచోట దారి తప్పారనడం ఏ నీతి?

ఇక్కడ నా తరంవారిని కూడా కొంచెం నిలదీయాలి. 'మన బాల్యం', 'మనందరం ఆడిన ఆట' అని మురిపెంగా మాట్లాడుకుంటున్నాం. ఎవరి బాల్యం? కంప్యూటరు గదికి ప్రత్యేకంగా ఫీజు వుండేది. చెప్పులు బయట విడిచి, ఒక్కొక్క యంత్రం ముందు నలుగురం కూర్చునేవాళ్ళం. ఫీజు కట్టలేనివారు ఆ గంటసేపూ తరగతిలోనే వుండిపోయేవారు. బడికే రానివారు రాళ్ళ క్వారీల్లోనో, ఇటుక బట్టీల్లోనో వుండేవారు. వారి వయసూ మా వయసే. కాబట్టి ఈ తీపి జ్ఞాపకం ఒక తరానిది కాదు, ఆ తరంలో ఒక భాగానిది. పాత ఆటలమీద ఈనాడు కనిపిస్తున్న మోజులో ఈ విషయం మరుగున పడుతోంది. జ్ఞాపకాన్ని సరుకుగా మార్చి మళ్ళీ మనకే అమ్మేవారికి అది మరుగున పడడమే లాభం. నా తరలింపు నా జ్ఞాపకాన్ని నేనే చప్పరించుకోవడానికయితే దానికి ఇన్ని పేజీల చర్చ అవసరం లేదు. ఆనాడు గది బయట నిలిచిపోయినవారి పిల్లలకు ఈనాడు అది అందుతుందా లేదా అన్నదే దాని నైతిక విలువను నిర్ణయిస్తుంది.

నకలు చేయడాన్ని దొంగతనంతో సమానం చేసేవారు మన సాహిత్య చరిత్రను ఒక్కసారి తిరగవేయాలి. తాటాకు శాశ్వతం కాదు. పురుగు తింటుంది, పొడి అవుతుంది. కొన్ని తరాలకొకసారి ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుమీద మళ్ళీ రాస్తేనే కావ్యం బ్రతికింది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను జీతానికి పెట్టుకొని తాళపత్రాలకు నకళ్ళు రాయించాడు, పాఠాలు పోల్పించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చువేశాడు. ఆకునుంచి కాగితానికి జరిగిన ఆ తరలింపు లేకపోతే మన ప్రాచీన సాహిత్యంలో ఎంత మిగిలేదో ఊహించుకోండి. బ్రౌన్‌ను మనం గౌరవంగా తలుచుకుంటాం. రాత్రింబగళ్ళు కళ్ళు చిట్లించుకొని నకళ్ళు రాసిన లేఖకులను తలుచుకోవడం తక్కువ. నకలు కూడా శ్రమే.

ఫ్లాపీ తాటాకుకన్నా అల్పాయుష్షుది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటను 1989లో తయారుచేసిన జోర్డన్ మెక్నర్ దగ్గరే దాని మూలప్రతి చాలాకాలం కనిపించకుండా పోయింది. 2012లో అతని తండ్రి ఒక పెట్టెలో ఆ ఫ్లాపీలను కనుగొన్నాడు. పాత యంత్రాలు తెలిసినవారి సాయంతో వాటిని చదివించి, మెక్నర్ ఆ మూలాన్ని అందరికీ బహిరంగంగా పెట్టాడు. రచయిత బ్రతికి వుండగానే, ఇరవైమూడేళ్ళలోనే, ఒక రచన అంచుదాకా పోయి తిరిగి వచ్చింది. చట్టం గడువు చూడండి: మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళు. అమెరికాలో కంపెనీకోసం చేసిన రచనకు ప్రచురణనుంచి 95 ఏళ్ళు. ఆ లెక్కన 1990 నాటి ఆట 2085 దాకా కట్టుబడి వుంటుంది. అప్పటికి హక్కు మిగులుతుంది, ఆ హక్కుకు ఆధారమైన ఫ్లాపీ మిగలదు. కాపాడే బాధ్యత లేకుండా కట్టివేసే హక్కు మాత్రమే వుండడం ఏ ధర్మశాస్త్రం ప్రకారమూ న్యాయం కాదు.

మా ప్రాంతంలో ఇది కంటికి కనిపించే సత్యం. షామీర్‌పేట చెరువు దాటి కొంతదూరం పోతే తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, ఇవతల జవహర్‌నగర్ దిక్కున 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణం. మనిషి మేధ కొత్తవాటిని తయారుచేసే స్థలాలు. ఆ జవహర్‌నగర్‌లోనే హైదరాబాదు మహానగరం పారవేసిన చెత్త కొండగా పెరిగింది. నిన్న కొత్తదై వెలిగినదంతా చివరికి చేరేది ఆ కొండకే. ఆ కొండమీద ఏరుకునే స్త్రీల చేతుల్లో రాగితీగకు ధర వుంది. యంత్రం లోపల ఎవరో నిద్రమాని రాసిన ఆలోచనకు ధర లేదు. పాతదాన్ని కొత్త యంత్రంలోకి తరలించేవాడు ఆ ఆలోచనను కొండనుంచి వెనక్కు తెచ్చుకుంటున్నాడు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న వుంది. దాన్ని తేలికగా కొట్టివేయరాదు. అందరూ నకలు చేసుకుంటే ఆట రాసినవాడు ఎలా బ్రతకాలి? శ్రమ విలువను గురించి ఇంత మాట్లాడే అభ్యుదయవాదులు ఆ శ్రమజీవి కూలి ఎగవేయమంటారా? అనను. ఇవాళ రాసి ఇవాళ అమ్ముకుంటున్న చిన్న రచయిత ఆటను కొనగలిగినవాడు కొనకుండా తీసుకుంటే అది కూలి ఎగవేయడమే. కాని అమ్మకం ఆగిపోయి, రాసినవాడికి పైసా చేరని దశలో కూడా అదే సంకెల అలాగే వుండాలనడం వేరే విషయం. కూలి రక్షణ వేరు, ఆస్తి రక్షణ వేరు. మొదటిది మన కోరిక. రెండవది మొదటిదాని ముసుగు వేసుకొని వస్తే ముసుగు తొలగించాలి. ఈ భేదాన్ని తయారీదార్లలో కూడా కొందరు గుర్తించారు. డూమ్ మూలాన్ని ఐడీ సాఫ్ట్‌వేర్ 1997 డిసెంబరులో బయటపెట్టింది. నాలుగేళ్ళు అమ్ముకొని తర్వాత దాన్ని లోకానికి వదిలింది. ఆ ఆట ఆనాటినుంచి ఎన్ని యంత్రాల్లోకి, ఎందరి చేతులమీదుగా తరలిందో లెక్కలేదు. ఎందరో యువకులు దాన్ని విప్పిచూసి విద్య నేర్చుకున్నారు. కళ వదిలినచోట నశించలేదు, విస్తరించింది.

మరి ఆ పిల్లవాడికి నేనేం చెప్పాను? చట్టం మారేదాకా ఆగమని చెప్పలేను, చట్టం లేదని నటించలేను. సూత్రాలు ఎవరి సొత్తూ కాదు. ఎగరడం, పడడం, ఏరుకోవడం, తలుపు తెరవడం ప్రపంచానికంతటికీ చెందినవి. నేను రాసిన ప్రోగ్రాము నాది. బొమ్మలు, అంకాల అమరిక, ఆ పేరు ఇతరులవి. కాబట్టి పాతదాన్ని పాతదానిగా, ఒక్క గీత మార్చకుండా, నా యంత్రంలో భద్రపరిచాను. పిల్లలకోసం వేరొకటి మొదలుపెట్టాను. అందులో బొమ్మలు మా వీధి పిల్లలే గళ్ళ కాగితంమీద గీస్తున్నారు. అడ్డంగా పదహారు గళ్ళు, నిలువుగా పదహారు గళ్ళు, ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగు. నిప్పుకు బదులు ఏముండాలి, గిన్నెకు బదులు ఏం తీసుకురావాలి అని వాళ్ళే కొట్లాడుకుంటున్నారు. షామీర్‌పేట గుట్టల బండరాళ్ళు ఒక అంకమైనవి. ఆ ఆటలో తెర మెత్తగానే జరుగుతుంది. అది తండ్రి ఫోనులో పనిచేయాలి గనుక మరొకసారి తరలించవలసి వుంది.

రెండు పనులూ కావాలి. వున్నది వున్నట్టు కాపాడే పని లేకపోతే మనకు చరిత్ర వుండదు. దాన్ని మార్చుకునే పని లేకపోతే ఆ చరిత్ర పెట్టెలో పడివుంటుంది. మొదటిదానికి నిజాయితీ కావాలి, రెండవదానికి ధైర్యం కావాలి. మన చట్టం మొదటిదాన్ని ఒంటరివాడి గదిలో మాత్రమే సహిస్తున్నది. గ్రంథాలయాలకు, బడులకు, ప్రజాసంస్థలకు అమ్మకం ఆగిన ప్రోగ్రాములను కాపాడి పంచే హక్కు స్పష్టంగా కావాలని రచయితలుగా మనమే అడగాలి. ఆటను సాహిత్యంగా చట్టం ఎప్పుడో ఒప్పుకున్నది గనుక, దానికి గ్రంథాలయం కావాలని అడగడంలో వింత ఏమీ లేదు.

ఆట ఎవరిది అన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది: రాసినవాడి కూలి తీరేదాకా రాసినవాడిది. ఆ తర్వాత, దాన్ని బ్రతికించడానికి శ్రమపడేవారందరిదీ. ఇంతవరకూ ఆ గదిలోకి అడుగుపెట్టనివ్వని వారిది కూడా.